చలనచిత్రవిద్యయు తమిళనాటి తెలుగు బాలలును

అక్షరమెరుగని పసివాడు సైతము బొమ్మను చూచి భావము గ్రహింపగలడు. కావుననే బొమ్మకు చదువుతో పనిలేదని లోకము తలచుచున్నది. కాని గ్రహించుట వేరు, విచారించి గ్రహించుట వేరు. పద్యము విని తలయూపువారందరును పద్యలక్షణము నెరిగినవారు కానట్లే, చిత్రము చూచి ఆనందించువారందరును చిత్రభాష నెరిగినవారు కారు. ఆ భాషను మాధ్యమిక, ఉన్నత పాఠశాలల బాలబాలికలకు క్రమముగా నేర్పు ప్రయత్నమునకే చలనచిత్రవిద్య యని పేరు. ఈ విద్య యెట్లు పుట్టినది, మన దేశమున నెంతవరకు సాగినది, తరతరములుగా తమిళనాట స్థిరపడిన తెలుగు బాలలకు దీనివలన నొనగూడదగిన మేలేమి యను మూడు విషయములు ఈ వ్యాసమున విచారింపబడుచున్నవి.

బాలలకును చలనచిత్రమునకును గల సంబంధమును గూర్చి పెద్దలు చేసిన ఆలోచన మూడు దశలుగా నడచినది. మొదటిది చిత్రమునుండి బాలుని కాపాడుట. రెండవది బాలునికి తగిన చిత్రమును చూపుట. మూడవది చిత్రమును చూచు విధమును బాలునికి నేర్పుట. మొదటి రెండును రాజ్యాంగయంత్రమున శీఘ్రముగా చోటు సంపాదించుకొన్నవి. మూడవది మాత్రము నేటికిని పాఠశాల వాకిట నిలిచియే యున్నది.

విదేశములలో నాంది

అమెరికాదేశమున 1920వ దశకము తుదినాటికి చలనచిత్రములు పిల్లలను చెరచుచున్నవను భయము ప్రబలినది. పేయిన్ నిధి పోషణమున విద్వాంసులు పలువురు ఈ విషయమును పరిశోధించి, 1933 ప్రాంతమున తమ గ్రంథములను వెలువరించిరి. ఆ పరిశోధకులలో నొకరగు ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎడ్గర్ డేల్ భయముతో తృప్తిపడలేదు. చిత్రములను మెచ్చుకొను విధానమును ఉన్నత పాఠశాల విద్యార్థులకు బోధించు గ్రంథము నొకదానిని 1933లోనే రచించెను. వ్యాధిని వర్ణించినవారిలో నొకరు మందునుగూడ సూచించుట గమనింపదగినది. అదే సంవత్సరమున ఇంగ్లండున బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ స్థాపితమైనది. 1950లో అచ్చటి చలనచిత్రోపాధ్యాయులు తమకొక సంఘమును నిర్మించుకొనిరి.

ఈ విద్యను దేశవ్యాప్తముగా పాఠశాలలతో ముడిపెట్టిన ఖ్యాతి ఫ్రాన్సునకు చెల్లవలెను. 1989లో మాధ్యమిక పాఠశాలలకును, 1994లో ప్రాథమిక పాఠశాలలకును అచ్చట పథకము లేర్పడినవి. మాధ్యమిక పాఠశాలల పథకమున విద్యార్థులు చదువువేళలందే ఊరిలోని సినిమాహాలునకు వెళ్లి, విద్యాసంవత్సరపు ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క చిత్రము చొప్పున చూతురు. ఉపాధ్యాయులకు ముందుగా శిక్షణ మిత్తురు. ప్రతి చిత్రమునకును వ్యాఖ్యానపుస్తిక యుండును. చిత్రము చూచి వచ్చిన పిమ్మట తరగతిలో దానిపై పాఠము నడచును. సినిమాహాలు, పాఠశాల, ప్రభుత్వము మూడును కలిసి మోయుటచేతనే ఆ పథకము నిలిచినది. ఫ్రెంచి భాషకు తరములపాటు చోటిచ్చిన యానాము 1954లోనే ఆ పాలనను వీడుటచే, అచ్చటి తెలుగు బాలలకు ఈ పథకముతో నెట్టి సంబంధమును కలుగలేదు. అయినను ఆ పద్ధతి పరిశీలనార్హము.

మదరాసు: తెలుగు చిత్రముల పుట్టినిల్లు

చలనచిత్రవిద్యను గూర్చి యోచించు తమిళనాటి తెలుగువారికి పరాయి ముచ్చటలు మాత్రమే శరణ్యములు కావు. దక్షిణదేశమున చలనచిత్రమునకు ఊపిరి పోసిన పట్టణము మదరాసు. అచ్చట ఆ కళకు పునాదులు వేసినవారిలో అగ్రగణ్యుడు మచిలీపట్నమునుండి వచ్చిన రఘుపతి వెంకయ్య. ఛాయాచిత్రకారుడుగా జీవితమారంభించిన ఆయన 1910లో క్రోనోమెగాఫోను యంత్రమును సంపాదించి, దేశదేశములు తిరిగి చిత్రములను ప్రదర్శించెను. అనంతరము మదరాసున గెయిటీ మొదలగు ప్రదర్శనశాలలను నిర్మించెను. తన కుమారుడు ప్రకాశును ఈ విద్య నభ్యసించుటకై విదేశములకు పంపెను. ఆ ప్రకాశు దర్శకత్వముననే 1921లో భీష్మప్రతిజ్ఞ మూకీచిత్రము తయారైనది. చలనచిత్రము చూచి వదలునది కాదు, గురుముఖమున నేర్వవలసిన విద్య యని నమ్మి, దానికై కన్నకొడుకును సముద్రములు దాటించిన మొదటి తెలుగువాడు వెంకయ్య. ఆ భీష్మప్రతిజ్ఞ నేడు లభ్యము కాదు. తాతలు కట్టిన యింటికి మనుమలచేత పునాదిరాయి సైతము మిగులకుండుట, చిత్రములను చదువుగా భావింపకుండుటవలన కలిగిన నష్టములలో మొదటిది.

1927లో భారతప్రభుత్వము నియమించిన చలనచిత్ర విచారణసంఘమునకు అధ్యక్షుడైనవాడును మదరాసు న్యాయవాదియే. ఆయన దివాన్ బహద్దూర్ టి. రంగాచారి. ఆ సంఘము దేశమంతట పర్యటించి 353 మంది సాక్షులను విచారించి 1928లో నివేదిక సమర్పించినది. బాలలపై చిత్రముల ప్రభావమును గూర్చిన చర్చ అందు చోటుచేసుకొన్నది. అయినను ఆనాటి పాలకుల దృష్టి అధికముగా నిషేధమువైపే సాగెను. ఈ రక్షణదృష్టియే స్వాతంత్ర్యానంతరమున 1952 నాటి చలనచిత్ర చట్టమున పెద్దలకు మాత్రమే యను ముద్రగా స్థిరపడినది. 1983లో తలిదండ్రుల మార్గదర్శకత్వమున చూడదగినవను మధ్యశ్రేణి చేరినది. 2023 నాటి సవరణతో ఆ శ్రేణి మరల 7, 13, 16 సంవత్సరముల వయోభేదమును బట్టి విభజింపబడినది. వాకిలి కాయు విధానము వందేండ్లలో ఇంత సూక్ష్మమైనది. వాకిలి దాటి లోని కేగిన బాలుడు ఏమి చూడవలెను, ఎట్లు చూడవలెనను విషయమును ఏ చట్టమును చెప్పదు. చెప్పుట చట్టముల పనియు కాదు. అది ఉపాధ్యాయుని పని.

బాలలకొరకు చిత్రమను రెండవ దశయందును తెలుగువారు వెనుకబడలేదు. కాకినాడవాసియగు చిత్తజల్లు పుల్లయ్య 1936లో కలకత్తా ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షమున సతీ అనసూయ, ధ్రువవిజయము అను రెండు చిత్రములను బాలబాలికలే పాత్రధారులుగా నిర్మించి, రెంటిని కలిపి యొకే ప్రదర్శనముగా తెలుగుదేశమున కందించెను. మాటలచిత్రము తెలుగున పుట్టి నాలుగేండ్లు నిండిన తోడనే బాలలు తెరనేలిరనుట విశేషము.

మదరాసున ఇంకొక చక్కని సంగమము జరిగినది. 1947 జులైలో చందమామ మాసపత్రికను తెలుగునను, అంబులిమామ పేర తమిళమునను స్థాపించిన నాగిరెడ్డి, చక్రపాణులే, వడపళనిలో విజయా సంస్థను నడపి పాతాళభైరవి (1951), మాయాబజారు (1957) వంటి చిత్రములను నిర్మించిరి. అచ్చుబొమ్మయు, ఆడుబొమ్మయు ఒక్క చేతులమీదుగా వెలువడినవి. ఆనాటి బాలుడు చందమామలో చదివిన రాకుమారుల లోకమును తెరపై చూచెను, తెరపై చూచిన లోకమును మరల చందమామలో చదివెను. కన్నునకును అక్షరమునకును విరోధము లేకుండెను. పాఠశాల పూనుకొనకయే ఒక విధమైన చలనచిత్రవిద్య తెలుగు ఇండ్లలో సాగినదనవచ్చును. చందమామ ప్రచురణ ఆగి సంవత్సరములు గడచినవి. తెర మాత్రము మిగిలినది, అదియు అరచేతిలోనికి వచ్చినది. అక్షరముతో దాని చెలిమి తెగిపోయినది.

స్వాతంత్ర్యానంతర ప్రయత్నములు

1949లో నియమితమై 1951లో నివేదిక నిచ్చిన ఎస్. కె. పాటిల్ సంఘము చలనచిత్ర శిక్షణాలయమును, చిత్రభాండాగారమును, బాలలచిత్రముల నిర్మాణమును గూర్చి సూచనలు చేసినది. ఈ భావములే క్రమముగా రూపు దాల్చినవి. 1955లో హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన బాలల చలనచిత్ర సంఘము ఢిల్లీప్రభుత్వపు ప్రాపున వెలసినది. దాని తొలిచిత్రమగు జలదీప్, కేదార్ శర్మ దర్శకత్వమున తయారై, 1957లో వెనిస్ ఉత్సవమున బాలలచిత్ర విభాగమున ప్రథమ బహుమానము గైకొన్నది. 1960లో పూనా శిక్షణాలయమును, 1964లో జాతీయ చిత్రభాండాగారమును స్థాపితములైనవి.

ఈ కాలముననే మూడవ దశకు బీజములు పడినవి. ఆంగ్లదేశీయురాలగు మేరీ సీటన్ విదుషి 1950వ దశకము నడుమ కేంద్ర విద్యాశాఖ ప్రోత్సాహమున దేశము తిరిగి చలనచిత్ర రసాస్వాదనమును గూర్చి ఉపన్యాసము లిచ్చినది. 1959లో సత్యజిత్ రాయ్ అధ్యక్షుడుగా చలనచిత్రసంఘముల సమాఖ్య ఏర్పడినది. పూనాలో సతీశ్ బహదూర్ ఆచార్యుడు చిత్రములను ఖండఖండములుగా విడదీసి బోధించు పద్ధతిని నెలకొల్పెను. భాండాగారాధిపతి పి. కె. నాయర్ అందుకు మూలచిత్రములను సమకూర్చెను. కాని ఈ చదువంతయు పెద్దలకు పరిమితమైనది. వయోజనులు వేసవిలో పూనాకు పోయి నేర్చుకొని వచ్చిరి. ఊరి పాఠశాలలో నెనిమిదవ తరగతి చదువు పిల్లవాడు డేరా సినిమా ముందర ఇసుకపై కూర్చుండి, తనకు తోచినట్లు చూచుచునే యుండెను.

1979లో బొంబాయిలో ఆరంభమైన అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవము 1990వ దశకమునుండి హైదరాబాదును తన స్థిరవేదిక చేసికొన్నది. స్వర్ణగజము దాని బహుమానచిహ్నము. రెండేండ్లకొకసారి నవంబరు నెలలో వారముపాటు జరిగిన ఆ పండుగలకు పాఠశాలల పిల్లలు బారులు తీరి వచ్చిరి. 2017లో 20వ ఉత్సవము ఆ నగరముననే జరిగినది. 2022లో బాలల చలనచిత్ర సంఘము జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది. అరువదియారేండ్లు నిలిచిన ప్రత్యేకసంస్థ యిట్లు ముగిసినది. దాని చరిత్రనుండి గ్రహింపదగిన నీతి యొకటి కలదు. ఉత్సవము వారము దినములు, పాఠశాల సంవత్సరమెల్ల. ఉత్సవమున చూచినదానిని పాఠశాల చదువుగా మార్పకున్నచో అది జాతరయగునే కాని విద్య కాదు.

తమిళనాటి ప్రస్తుతస్థితి

తమిళనాడు ప్రభుత్వము 2022లో ప్రభుత్వ పాఠశాలలయందు 6వ తరగతి మొదలు 9వ తరగతి వరకు చదువు విద్యార్థులకు నెలకొక బాలలచిత్రమును చూపు పథకమును ప్రవేశపెట్టినది. ఉపాధ్యాయుడు చిత్రమును ముందుగా తాను చూచి, విద్యార్థులకు పరిచయము చేసి, ప్రదర్శనానంతరము వారితో చర్చింపవలెనని అందు నిర్దేశము. చూపుటనుండి నేర్పుటకు, రెండవ దశనుండి మూడవ దశకు, దక్షిణదేశమున నొక రాష్ట్రప్రభుత్వము వేసిన ఈ అడుగు మెచ్చదగినది.

అదే రాష్ట్రమున తెలుగుచదువు కథ వేరుగా నున్నది. 2006 నాటి తమిళాభ్యసన చట్టమువలన ఆ సంవత్సరము 1వ తరగతితో మొదలై ఏటేట నొక్కొక్క తరగతికి తమిళము నిర్బంధపాఠ్యమైనది. 2015-16 నాటికి ఆ క్రమము 10వ తరగతిని చేరినది. అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానముల నాశ్రయించి పలుమారులు మినహాయింపులు పొందిరి. తాము నివసించు నేల భాషను నేర్చుట తెలుగు బాలునికి ధర్మమే, లాభమే. అయినను మాతృభాష ఐచ్ఛికస్థానమునకు జరిగినప్పుడు, చిన్న పాఠశాలలలో తెలుగు అధ్యాపకపదవి ఖాళీయైనచో నిండుట కష్టము. తలిదండ్రులును మార్కులు తేని భాషపై కాలము వెచ్చింప జంకుదురు.

ఇందలి ఫలితము ప్రతి తెలుగు పాఠశాలయందును కానవచ్చునదే. హోసూరు, కృష్ణగిరి, కోయంబత్తూరు, మధుర, రాజపాళయము ప్రాంతములలో ఇంట తెలుగు మాటాడు బాలుడు తెలుగు చిత్రములోని సంభాషణలను పొల్లుపోక ఒప్పజెప్పగలడు. ఆ చిత్రము పేరును తెరపై చదువలేడు. అతని తెలుగు చెవిలో నున్నది, కంటికి రాలేదు. ఆ తెలుగులో సింహభాగము చలనచిత్రముల సొత్తు. తెలుగు అధ్యాపకుడు దీర్ఘకాలము చలనచిత్రమును తన శత్రువుగా నెంచెను. పద్యమును విడచి పాటకు పరుగెత్తుచున్నాడని శిష్యుని గద్దించెను. నేటి స్థితిలో, తమిళనాటి తెలుగు బాలునికి తెలుగుతో మిగిలిన దారము పలుచోట్ల ఆ పాటయే. ఆ దారమును తెంపవలెనా, దానినే పట్టుకొని అక్షరము వరకు నడపవలెనా యనునదియే నేటి ప్రశ్న.

పాఠముగా చిత్రము

ఇందుకు సాధనములు దూరమున లేవు. మాయాబజారు చిత్రమును మదరాసున కె. వి. రెడ్డి తెలుగు తమిళములు రెంటను తీసెను. రెంటను శ్రీకృష్ణుడు రామారావే, ఘటోత్కచుడు రంగారావే, కథానాయిక సావిత్రియే. అభిమన్యుడు మాత్రము తెలుగున నాగేశ్వరరావు, తమిళమున జెమినీ గణేశన్. తెలుగు మాటలు పింగళి నాగేంద్రరావువి, తమిళపు మాటలు తంజై రామయ్యదాసువి. ఒకే దృశ్యమును రెండు భాషలలో చూపి, ఏ మాట మారినది, ఏల మారినది, హాస్యము ఎచ్చట నిలిచినది, ఎచ్చట జారినది యని యడిగినచో, రెండు భాషలను నిత్యము మోయు బాలునికి అంతకు మించిన అనువాదపాఠము మరియొకటి యుండదు. పింగళి కల్పించిన అసమదీయులు, తసమదీయులు వంటి మాటలు వ్యాకరణమును నవ్వుచు నేర్పును. తెలుగు, తమిళము రెండును తెలియుట ఆ బాలునికి లోపము కాదు, ఇతరులకు లేని సంపద యని అతనికే స్పష్టపడును.

అందలి వెన్నెల నిజమైన వెన్నెల కాదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే దీపములతో కల్పించినది. ఘటోత్కచుని విందులో భక్ష్యములు వాని నోటికి తమంత తామెగురుట కెమేరా తంత్రము. ఘటోత్కచుడు శశిరేఖవేషము దాల్చినప్పుడు సావిత్రి నడకలో, చూపులో కానవచ్చు మొరటుదనము అభినయవిద్య. ఇవి యెట్లు సాధింపబడినవని యోచించు విద్యార్థి, రేపు అరచేతి తెరపై అబద్ధపు బొమ్మను నిజమని చూపినను అంత సులభముగా మోసపోడు. ఆ చిత్రముననే ప్రియదర్శిని యను పేటిక కలదు. దానిని తెరచినవారికి తమకు మిక్కిలి ప్రియమైనది కానవచ్చును. శశిరేఖకు అభిమన్యుడు కనిపించెను. చలనచిత్రమునకే అది చక్కని సంకేతము. మనము కోరినదానినే మనకు చూపుట దాని బలము, అదియే దాని ప్రమాదము. ఈ సూక్ష్మము పదునాలుగేండ్ల బాలునికి తెలియనిది కాదు. అడుగువారు లేక అతడు చెప్పలేదు.

1970లో బాపు దర్శకత్వమున వచ్చిన బాలరాజు కథ మరియొక ఉదాహరణము. ఇది ముందటి యేట తమిళమున వచ్చిన వా రాజా వా చిత్రమునకు తెలుగు రూపము. కథాస్థలము మహాబలిపురము, కథానాయకుడు యాత్రికులకు శిల్పములను చూపి పొట్టపోసికొను బాలుడు. తమిళనాటి నేలపై తెలుగు మాటాడు పిల్లవాని కథ తెలుగు పాఠశాల విద్యార్థికి పరాయిది కాదు. చిత్రము చూచి, పిమ్మట ఆ శిల్పములకడకే విహారయాత్రగా తీసికొనిపోయి, చూచినదానిని తెలుగున పది పంక్తులు వ్రాయించుట ఏ పాఠశాలకును అసాధ్యము కాదు.

బోధనపద్ధతియు కఠినమైనది కాదు. చిత్రారంభమున వచ్చు పేర్లను బిగ్గరగా చదివించుట మొదటి పాఠము. ఒక దృశ్యమును శబ్దము లేక చూపి సంభాషణను వ్రాయించుట రెండవది. దృశ్యమును మూసి శబ్దమును మాత్రమే వినిపించి, కన్నులకు కట్టునట్లు వర్ణింపజేయుట మూడవది. తుదకు విద్యార్థులే తమ యింటి అవ్వ చెప్పిన కథను చిన్న చిత్రముగా తీయుట. నాలుగింటను అక్షరము తప్పించుకొను మార్గము లేదు.

ఒక హెచ్చరిక

తెర తెలుగును పాఠమున కెక్కించువారు ఒక విషయమున మెలకువ వహింపవలెను. శతాబ్దములనాడు వలసవచ్చిన కుటుంబముల యింటితెలుగు తెరతెలుగు కాదు. ఆ యింటి పలుకును తెరపై విననందున, బాలుడు దానిని తప్పుతెలుగని తలచి సిగ్గుపడును. అతనిచే ఇల్లు మాని తెరను అనుకరింపజేసినచో, చలనచిత్రవిద్య ఒక చేత నిచ్చినదానిని వేరొక చేత లాగుకొన్నట్లగును. కావున ప్రతి చిత్రము పిదపను, ఈ మాటను మీ యింట నేమందురని యడుగుట పాఠములో భాగము కావలెను. అవ్వ పలుకును తెర పలుకు ప్రక్కన సమానస్థానమున వ్రాసికొన్న బాలుడు రెంటిని నిలుపుకొనును.

ఉపసంహారము

చలనచిత్రవిద్య ప్రపంచమున తొంబదియేండ్ల వయసుగలది. మన దేశమున అది సంఘములయందును, ఉత్సవములయందును, పెద్దల తరగతులయందును తిరిగి తిరిగి, 2022 నాటికి తమిళనాటి ప్రభుత్వ పాఠశాల తలుపు తట్టినది. ఆ తలుపు తెరచుకొన్న తరుణమున, నెలకొక చిత్రములో సంవత్సరమునకు ఒకటి రెండైనను తెలుగు చిత్రములుండునట్లు కోరుట తెలుగు సంఘముల కర్తవ్యము. ప్రభుత్వ సహాయము రాకున్నను, బళ్ళారి, బరంపురము, షోలాపురము, యానాములలోని సంఘములు తమ సమావేశమందిరములలో నెలకొక ఆదివారము ఈ పని చేయవచ్చును. ఒక తెర, ఒక చిత్రము, ప్రశ్నలడుగు ఒక ఉపాధ్యాయుడు, ప్రతి బాలుని చేత నొక కాగితము. ఇంతకు మించిన మూలధన మక్కరలేదు.

రఘుపతి వెంకయ్య ఒక యంత్రమును బండికెత్తించి ఊరూర తెలుగువారికి చిత్రమును చూపెను. ఆ చూచిన తెలుగువారి మునిమనుమలకు దానిని చదువ నేర్పుట నేటి తరమునకు మిగిలిన పని. చదువ నేర్చిన చేయి వ్రాయను నేర్చును. ఆ వ్రాత తెలుగులిపిలో నుండునట్లు చూచుకొనుట తెలుగు పాఠశాల బాధ్యత.